ఎర్ర చుక్కల జత

జూన్ 3

అమ్మడూ, నీ గిటార్ తొక్కుడు డబ్బా పలికింది!

కుశలం తరవాత అడుగుదామని ముందు ఆ మాటే రాసేశాను. బాగున్నావు కదా. మేం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ళు కూడా ఈ వారం పేచీ పెట్టలేదు, డబ్బా పలికిన సంతోషం వాటి దాకా పాకిందేమో.

ఆరేళ్ళ తరవాత నువ్వు నాకొక పని చెప్పావు తల్లీ. పార్సిల్ తాడు కూడా కోయకుండా, ముడి విప్పి తీశాను. లోపల నీ చీటీలో ఉన్నవి మూడే ముక్కలు. "పలకడం లేదు. నువ్వే చూడాలి. ఇరవై ఎనిమిదిన రికార్డింగు." సంతకం కూడా లేదు. లేకపోతే పోనీ, "నువ్వే" అని రాశావు కదా. నా కుడి కంట్లో శుక్లం ముదిరింది కాబట్టి వచ్చిన ఉత్తరాలన్నీ మీ అమ్మే చదివి పెడుతుంది. ఆ "నువ్వే" మాత్రం రెండుసార్లు చదివించుకున్నాను. మూడోసారి అడిగితే, నేనేం రేడియోనా అంది.

షాపు ఎత్తేశాక నా పనిబల్ల మంచం కిందికి చేరింది కదా, దాన్ని లాగి కిటికీ పక్కన వేశాను. మీ అమ్మ కుట్టు మిషను మీది లైటు అరువు తెచ్చుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ పెట్టెలోంచి తీస్తే దాని వైరు ఎలుక కొట్టేసి ఉంది. ముందు దానికి వైద్యం చేసి, తరవాత డబ్బా విప్పాను. అది మీ బాబాయిదని చూడగానే తెలిసింది. పోయినవాడి గురించి నేనేమీ రాయను.

జబ్బు ఎంతో లేదు. కాలితో నొక్కే మీట కింద వైరు తెగింది. పది నిమిషాల పని, టంకం వేశాను, ప్రాణం వచ్చింది. ఇక మూసేసి కాఫీ తాగండి అంది మీ అమ్మ. విప్పిన సెట్టుని సగంలో మూసిన పాపాన ఎప్పుడైనా పోయానా నేను?

గిటార్ లేదు కాబట్టి మన రేడియోలో వచ్చే వార్తలు డబ్బా గుండా పంపి, స్పీకర్లో విన్నాను. అబ్బ, ఏం గరగర తల్లీ. వార్తలు చదివే ఆవిడ గొంతులో ఎవరో ఇసుక పోసినట్టుంది. ఈ రోగంతో ఇన్నాళ్ళు ఎలా వాయించావో నాకు అర్థం కాలేదు. పట్టు వదల్లేదు. కండెన్సర్లు రెండు మార్చాను, రెసిస్టర్లు మూడు మార్చాను, లోపల రెండు ముసలి ట్రాన్సిస్టర్లు ఉంటే పీకి కొత్తవి వేశాను. నాలుగు రోజులు కుస్తీ పడితే చివరికి ఆ వార్తలావిడ మన గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని చదివినట్టు వచ్చింది. ఒక్క గర లేదు. అద్దం అనుకో.

డబ్బా బయట కూడా చూసుకో. తుప్పంతా తుడిచాను. అడుగు రేకుకి అంటించిన రబ్బరు ముక్క పీకేస్తే, దాని కింద ఎవరో మేకుతో గీకిన పిచ్చిగీతలు వేలికి తగిలాయి. ఇసుక కాగితం పెట్టి నున్నగా రుద్ది, గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు కొట్టాను. కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

మన షాపు పద్ధతి ప్రకారం, తీసిన పాత పార్టులు పొట్లం కట్టి డబ్బాతో పాటే పెట్టాను. కస్టమరు చేతిలో పాత పార్టు పెట్టకుండా నేను ఏనాడూ సెట్టు ఇవ్వలేదు, నీకైనా అంతే.

పెద్దత్తకి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ళబ్బాయి వాచీల బావకీ చెప్పాను, వాచీ బాగుచేయడం వేరు, ఇది వేరని కూడా చెప్పాను. మీ మామయ్యకి చెప్పాను, ఆయనకి వినపడలేదు, మళ్ళీ చెప్తాను.

ఒక్క గర కూడా లేని ఆశీస్సులతో,
మీ నాన్న


జూన్ 8

నాన్నగారికి,

డబ్బా అందింది. చంపి, కడిగి, రంగు వేసి పంపారు.

ఆ గరగరే దాని పని. గిటార్ తీగ శబ్దాన్ని చింపి, గరుకు చేసి, దట్టంగా పొగలాగా బయటికి వదలడానికే ఆ డబ్బా పుట్టింది. శబ్దం అద్దంలా రావాలంటే డబ్బా ఎందుకు, గిటార్‌ని నేరుగా స్పీకర్‌కి తగిలించుకుంటాను కదా. మిరపకాయని నాలుగు రోజులు నీళ్ళలో నానేసి, కారం పోగొట్టానని సంతోషించారు మీరు. మా డ్రమ్ములవాడు రెండు నిమిషాలు విని అడిగాడు. "మీ నాన్న దీనికి రిపేరు చేశారా, సన్యాసం ఇప్పించారా?" అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగడం మీకు అలవాటు లేదు.

ఇరవై ఎనిమిదిన రికార్డు చేయబోతున్నవి నా పాటలు కావు. బాబాయి కట్టిన ఏడు బాణీలు. పిన్ని దగ్గర ఒక పాత క్యాసెట్టులో తప్ప అవి ఎక్కడా లేవు. స్టూడియో ఆ ఒక్క రోజే దొరికింది. మర్నాడు డ్రమ్ములవాడు ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ మేం నలుగురం ఒకచోట చేరేది లేదు. ఆ డబ్బా గొంతు లేకపోతే అవి బాబాయి పాటలు కావు, బాబాయి పాటల్లాంటివి అవుతాయి. అలాంటివి నాకు అక్కర్లేదు.

మీరు పీకిన రెండు ట్రాన్సిస్టర్లూ వెంటనే పోస్టులో పంపండి. ఇక్కడెవరి చేతనైనా పెట్టించుకుంటాను. ఫోన్ చేయకండి. మీరు అరుస్తారు, నేను పెట్టేస్తాను, మళ్ళీ ఆరేళ్ళు.

పాట గిట్టక తమ్ముణ్ణి ఇంట్లోంచి గెంటారు. ఇప్పుడు ఆయన డబ్బాలో నుంచి కూడా గెంటారు.

పార్టుల కోసం ఎదురుచూస్తూ,
మీ అమ్మాయి


జూన్ 11

కస్టమర్ గారికి,

తమరి ఫిర్యాదు అందింది. గారూ మీరూ అని రాశారు, సంతోషం. చిన్నప్పుడు కూడా అన్నం మీద అలిగినప్పుడే తమరికి నేను నాన్నగారిని అయ్యేవాణ్ణి.

నలభై ఏళ్ళు గరగర తీసి బతికాను. ఈల తీశాను, గుయ్యిమనే మోత తీశాను, వానొస్తే వచ్చే చిటపట తీశాను. గరగర తీసేశావేమయ్యా అని నన్ను తిట్టిన మొదటి కస్టమరు తమరే. అంత గరగర కావాలంటే డబ్బా ఎందుకు, స్పీకరు లోపలి అట్టకి బ్లేడుతో నాలుగు గాట్లు పెట్టుకోండి, కావాల్సినంత వస్తుంది. ఈ సలహాకి డబ్బులక్కర్లేదు.

తమరు అడిగిన పార్టులు లేవు. చెత్తలో పోయాయి. చెత్త బండివాడు పట్టుకుపోయాడు. పనికిమాలినవి దాచుకోవడానికి ఇది మ్యూజియం కాదు, కింద టైలరు షాపు, పైన రెండు గదుల కొంప.

నాలుగు రోజులు వంగి కూర్చుంటే నా నడుం పట్టేసింది. అది మాత్రం తమరి ఉత్తరంలో ఎక్కడా లేదు. చెయ్యి కాల్చుకున్నాను కూడా, బొటనవేలి పక్కన, అదీ లేదు. సన్యాసం అంటూ ఎవడో డ్రమ్ములు కొట్టేవాడు అన్న మాట మాత్రం అక్షరం పోకుండా ఉంది. ఆ అబ్బాయికి తండ్రి లేడా?

గెంటానన్నావు. నీకప్పుడు మూడేళ్ళు. పాలసీసా తెలుసు నీకు, మీ బాబాయి సంగతి తెలుసా? ఎవరో చెప్పారు, నువ్వు నమ్మావు. ఆ తరవాత పెద్దయ్యి, నాకు తెలియకుండా వాడి దగ్గరికి పోయి గిటార్ నేర్చుకున్నావు, ఆరేళ్ళ పాటు లెక్కల ట్యూషన్ అని చెప్పి. లెక్కల్లో ఆ మార్కులు ఎందుకొచ్చాయో నాకు తరవాత అర్థమైంది.

నీ ఉత్తరం చదివాక మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కంచం మాత్రం చప్పుడయ్యేలా పెడుతోంది. నిన్న వాచీల బావ ఫోన్ చేసి, డబ్బా అందిందా మామయ్యా, మరదలు ఏమంది అని అడిగాడు. ఆనందంతో దానికి నోట మాట రాలేదని చెప్పుకో పో అన్నాను. ఊరంతా నేనే చాటింపు వేశాను కదా, ఇప్పుడు నా నోటికి నేనే తాళం వేసుకోవాలి.

ఇట్లు,
తమరి రిపేరు మనిషి


జూన్ 14

నాన్నగారికి,

మీరు అబద్ధం చెప్తున్నారు.

ఇవాళ మీ పొట్లం విప్పాను. తెగిన వైరు ముక్క ఉంది, అంగుళం కూడా లేదు. కండెన్సర్లు రెండు. రెసిస్టర్లు మూడు. తుప్పు పట్టిన స్క్రూ ఒకటి. చివరికి మీరు పీకిన రబ్బరు ముక్క కూడా మడతపెట్టి ఉంది. తుప్పు స్క్రూని భద్రంగా తిరిగి పంపిన మనిషి రెండు ట్రాన్సిస్టర్లని చెత్తలో వేశారా? చిన్నప్పుడు షాపులో మీ పక్కన స్టూలు మీద కూర్చుని ఆ పొట్లాలు కట్టింది నేను. ఒక కస్టమరు వద్దని కాలవలో పారేస్తే, వెళ్ళి ఏరుకొచ్చి మళ్ళీ ఆయన చేతిలో పెట్టారు మీరు. నాకు గుర్తుంది, మూడేళ్ళు కావు నాకప్పుడు.

కాబట్టి అవి మీ దగ్గరే ఉన్నాయి. ఎందుకు ఇవ్వరు?

నేనే చెప్తాను. వాటి నెత్తిన ఎర్ర చుక్కలు ఉంటాయి. మీరు పెట్టినవే. బాబాయి నాకు డబ్బా విప్పి చూపించాడు. ఈ గొంతు ఎక్కడిదని ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పేవాడు. "మా అన్న ఏరి ఇచ్చిన జత ఇది. ఇలాంటి జత దేశంలో ఇంకొకటి లేదు." వాయించిన ప్రతిచోటా చెప్పాడు. మీరు ఆయన్ని గెంటిన తరవాత కూడా మీ పేరు చెప్పుకునే తిరిగాడు. అందుకే డబ్బా ఆగిపోతే ఇంకెవరికీ చూపించకుండా మీకు పంపాను. మీరిచ్చిన జత మీ చేతిలోనే బతుకుతుందనుకున్నాను. పిచ్చిదాన్ని.

మీకు అవి కనపడగానే, తమ్ముడికి ఏనాడో ఇచ్చింది కూడా వెనక్కి లాక్కోవాలనిపించింది. అంతే కదా?

పోయినేడు బాబాయి పోయిన రోజున మీరు వాళ్ళ వీధి మలుపు దాకా వచ్చి, కరెంటు స్తంభం పక్కన కాసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయారు. మేడ మీద నుంచి చూశాను. పిన్ని కూడా చూసింది. లోపలికి పిలుద్దామా అని నేనడిగితే, వద్దు, ఆయన కాళ్ళకి తెలిసినప్పుడే రానీ అంది.

ఇంకా రాలేదు.

మీ అమ్మాయి


జూన్ 17

ఇచ్చానన్నాడా?

నేను ఇచ్చానన్నాడా వాడు? ఊరూరా చెప్పాడా? అయితే విను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ మాట మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఈ ఉత్తరం ఆవిడకి చూపించకుండా నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

ఆ రోజుల్లో ట్రాన్సిస్టర్లు జతగా వేయాలి. రెండూ ఒకే బలంతో పని చేయాలి, ఒకటి గుంజి ఒకటి వదిలేస్తే పాట కుంటుతుంది. హెడ్మాస్టరు గారి రేడియో వచ్చింది. పెద్దది, పలకలు పలకలుగా కొయ్య పెట్టె, ఆయన మామగారు ఇచ్చింది. మూడు రోజులు కూర్చుని, డెబ్బై ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటే పరీక్షించి, కవల పిల్లల్లాంటి జత ఒకటి ఏరాను. మీ అమ్మ గోళ్ళ రంగుతో రెంటి నెత్తినా ఎర్ర చుక్క పెట్టాను. అది నా గుర్తు. సెట్టు అప్పగించేటప్పుడు వెనక అట్ట తీసి, చుక్క చూపించి, ఇది నా పని అని చెప్పి ఇచ్చేవాణ్ణి. ఆయనకీ ముందురోజే చూపించాను. రేపొచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఆ సాయంత్రం మీ బాబాయికి ఎక్కడో ఆర్కెస్ట్రా. వాడి డబ్బాలో ట్రాన్సిస్టర్లు కాలిపోయాయట. షాపు తాళం వాడి దగ్గర కూడా ఉండేది. నా జత పీకి వాడి డబ్బాలో పెట్టుకుని, కాలిపోవడానికి సిద్ధంగా ఉన్నవేవో ఆ రేడియోలో పెట్టి అట్ట బిగించేశాడు.

హెడ్మాస్టరు తీసుకెళ్ళాడు. మర్నాడే మూగబోయింది. సాయంత్రం బజారు నిండుగా ఉన్నప్పుడు తెచ్చి నా కౌంటరు మీద పెట్టి, ఆయనే అట్ట విప్పాడు. చుక్కలు లేవు. ఆయనది బడంతా వినపడే గొంతు. "చుక్కలు చూపించి, ఇంటికి వెళ్ళేలోపు పాతవి వేసి పంపడం ఇక్కడి హస్తవాసి" అన్నాడు. పక్క షాపులవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. మీ బాబాయి లోపల అల్మరా పక్కన వైరు చుడుతున్నాడు. తల ఎత్తలేదు. అప్పుడు అర్థమైంది నాకు.

పొరపాటైంది సార్ అని చేతులు జోడించాను. వాడు తల ఎత్తి ఒక్క మాట అంటాడేమో అని చూశాను. వైరు చుట్టాడు. అంతే. ఏడాది పాటు కస్టమర్లు సెట్టు ఇచ్చి వెళ్ళకుండా, నా ఎదురుగా కూర్చుని నా చేతులు చూస్తూ రిపేరు చేయించుకున్నారు. ఆ ఎర్ర చుక్క మళ్ళీ ఏ సెట్టులోనూ పెట్టలేదు నేను.

నేను గెంటలేదు. ఆ రాత్రే గిటార్ తీసుకుని వాడే పోయాడు. నేను పొమ్మనలేదు, రమ్మననూ లేదు. పాట గిట్టక గెంటానని చుట్టాలందరూ అనుకున్నారు. అననీ అనుకున్నాను. తమ్ముడు దొంగ అనిపించుకునే కంటే అన్న మొరటువాడు అనిపించుకోవడం ఇంటికి చౌక.

ఇన్నేళ్ళకి నువ్వు పంపిన డబ్బా విప్పితే, ఆ రెండు చుక్కలూ నాకేసి చూస్తున్నాయి. చెయ్యి ఆగలేదు. అవును, నా దగ్గరే ఉన్నాయి. నా చొక్కా జేబులో ఉన్నాయి. ఇవ్వను. అవి నావి.

నాన్న


జూన్ 20

నాన్నగారికి,

ఈ ఉత్తరం అమ్మ చదువుతుంది కాబట్టి అమ్మా, నువ్వు కూడా విను. హెడ్మాస్టరు రేడియోలోని జత తీసుకున్నది బాబాయి. నాన్న ఆ నింద తన మీద వేసుకుని ముప్పై ఎనిమిదేళ్ళు మనకెవరికీ చెప్పలేదు.

నిజమే అయి ఉంటుంది. మీరు అబద్ధమాడితే ఇంత వివరంగా ఆడలేరు, చెత్త బండి అబద్ధం చూశాను కదా. బాబాయి చేసింది తప్పు. కానీ మీరు నోరు మూసుకున్నది తమ్ముణ్ణి కాపాడటానికని నేననుకోను. నోరు విప్పితే ఆయన ఏడ్చి కాళ్ళ మీద పడేవాడు, మీరు క్షమించాల్సి వచ్చేది. అది మీకు ఇష్టం లేదు. మీ పంతానికి మేమంతా పస్తులున్నాం. నేను నా బాబాయి దగ్గరికి లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని దొంగలా వెళ్ళాల్సి వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. అడుగు రేకు మీద మీ వేలికి తగిలినవి పిచ్చిగీతలు కావు. రబ్బరు ముక్క అంటించింది వాటిని కప్పి ఉంచడానికే. బాబాయి మేకుతో రాసుకున్నాడు. రెండే మాటలు.

"అన్నవి. ఇచ్చెయ్యాలి."

ఆ జత మీరు అరువుగా ఇచ్చారేమో అనుకున్నాను నేను. ఎందుకివ్వలేదు బాబాయ్ అంటే, ధైర్యం చాలడం లేదే అనేవాడు. అరువు తిరిగి ఇవ్వడానికి ధైర్యం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నిన్న మీ ఉత్తరం చదివాక అర్థమైంది. డబ్బా మీకే పంపడానికి అది కూడా ఒక కారణం. జత ఒకసారి మీ చేతికి చేరిస్తే, ఆయన మోయలేక వదిలేసి వెళ్ళిన పని నేను చేసినట్టే అనుకున్నాను.

ఆయన రాసిన ఒక్క ముక్కా మీరు ఇసుక కాగితంతో రుద్దేశారు. పైగా గేటు రంగు వేశారు.

డబ్బా ఈ పార్సిల్‌లో ఉంది. మీ పొట్లం కూడా ఉంది, స్క్రూతో సహా. ఇప్పుడు జత మీదే, డబ్బా కూడా మీదే. ఉంచుకోండి. స్టూడియోవాళ్ళకి రాలేమని ఇరవై ఆరున చెప్పేస్తాను, ఆ రోజు దాకా గడువిచ్చారు. ఇక నుంచి నేను ఉత్తరాలు రాయను.

అమ్మా, మోకాళ్ళు జాగ్రత్త.


జూన్ 25

అమ్మడూ, గరగర వచ్చేసింది! స్టూడియో వాళ్ళకి వద్దని చెప్పకు!

ఈ ఉత్తరం, డబ్బా, రెండూ వాచీల బావ చేతికిచ్చి రాత్రి బస్సు ఎక్కిస్తున్నాను. ఇరవై ఆరు పొద్దున్నే నీ గుమ్మంలో ఉంటాడు. తలుపు తియ్యి. ముందు డబ్బా తీసుకో, తరవాత వాడికి కాఫీ ఇవ్వు, ఆ తరవాత కావాలంటే నన్ను తిట్టు.

పార్సిల్ ఇరవై రెండున వచ్చింది. మీ అమ్మ నీ ఉత్తరం పైకి చదివింది. చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, తను కొత్తగా కొనుక్కున్న గోళ్ళ రంగు సీసా ఆ రోజు నేను కిటికీలోంచి విసిరేసింది అందుకా అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆవిడ లెక్కలో తేలకుండా మిగిలిపోయింది ఆ సీసా ఒక్కటే.

బ్లేడు పెట్టి అడుగు రేకు మీది ఆకుపచ్చ రంగంతా గీకాను. లైటు కింద పెట్టి మీ అమ్మ చూసింది, ఎడమ కంటితో నేను చూశాను, వేలితో తడిమాను. ఏమీ లేదు. ఇసుక కాగితం పని అంత బాగా చేశాను. దాని గురించి ఇంకేమీ రాయలేను.

జత మళ్ళీ పెట్టేశాను. పొట్లంలో ఉన్న కండెన్సర్లు, రెసిస్టర్లు కూడా ఎక్కడివక్కడ పెట్టాను. గరగర వచ్చింది. కానీ అది వాడి గరగర అవునో కాదో నాకెలా తెలుస్తుంది? ముప్పై ఎనిమిదేళ్ళలో వాడి పాట ఒక్కటి కూడా నేను కూర్చుని వినలేదు. విన్న మనిషి ఎవరా అని ఆలోచిస్తే పిన్ని ఒక్కతే కనిపించింది.

ఇరవై మూడున పొద్దున్నే వెళ్ళాను. ఈసారీ కరెంటు స్తంభం దగ్గర కాసేపు ఆగిన మాట నిజం. మీ పిన్ని తలుపు తీసి, అడ్డం తప్పుకోకుండా గుమ్మంలోనే నిలబడింది. "ముప్పై ఎనిమిదేళ్ళకి మలుపు దాటారా బావగారూ" అంది. దాటానమ్మా అన్నాను. నా చేతిలో డబ్బా చూసి, అప్పుడు పక్కకి జరిగింది.

క్యాసెట్టు ఉంది, టేప్ రికార్డరు ఉంది, తిరగదు. లోపల బెల్టు కరిగి జిగురైపోయింది. సరే, ముందు ఆ కీళ్ళు కడిగి, ఆవిడ మందుల సీసాలకి చుట్టిన రబ్బరు బ్యాండు వేసి తిప్పాను. అప్పుడు వినపడింది వాడి వాయింపు. ఏడు బాణీలూ విన్నాను. మూడోది బాగుంది. ఐదోది నాకు నచ్చలేదు, మధ్యలో అనవసరంగా ఆగుతాడు. నచ్చనిది నచ్చలేదనే రాస్తాను నేను.

గోడకి వాడి గిటార్ ఉంది. మీ పిన్నికి వాయించడం రాదు, ఒక్క తీగ మీటడమే వచ్చు. ఆవిడ మీటుతుంటే నేను క్యాసెట్టుతో సరిచూస్తూ రెసిస్టరు మారుస్తూ పోయాను. ఆవిడ వినడం, ఇంకా గరుకుగా ఉండేది బావగారూ అనడం. నేను పెంచడం. ఇంకా అనడం. ఇంకా పెంచడం. జన్మలో మొదటిసారి గరగర పెంచాను తల్లీ, నా చేతులకి కొత్త, మాట వినవు. మధ్యాహ్నం ఎప్పటికో ఆవిడ తీగ మీటి, మళ్ళీ మీటి, చేత్తో నోరు మూసుకుంది. నేను ఐరన్ తీసి పక్కన పెట్టేశాను.

తరవాత ఆవిడ లోపల చుక్కలు చూస్తానంది. చూపించాను. మా అన్న ఏరి ఇచ్చిన జత అని ఆయన ఎంత మురిసిపోయేవారో బావగారూ, నిజంగా డెబ్బై పరీక్షించారట కదా అని అడిగింది.

"అవునమ్మా. నేనే ఇచ్చాను" అన్నాను.

నువ్వు ఇది చదివి, మా నాన్న మారిపోయాడు అనుకోకు. వాడు చేసింది తప్పే. ఆ రోజు తల ఎత్తకపోవడం ఇంకా పెద్ద తప్పు. క్షమించాల్సి వస్తుందని నేను నోరు మూసుకున్నానన్నావు, ఆ మాట మూడు రోజులుగా గుచ్చుకుంటోంది, నిజం కాబట్టే గుచ్చుకుంటోందని మీ అమ్మ అంటోంది. నువ్వు నన్నన్న మాటలన్నీ పొట్లం కట్టి పెట్టాను. వచ్చినప్పుడు నీ చేతిలో పెడతాను, మన షాపు పద్ధతి నీకు తెలుసు కదా.

ఇరవై ఎనిమిదిన గట్టిగా తొక్కు. భయం లేదు, మీట కింద వైరు ఈసారి రెండు వరసలు వేశాను.

అయ్యాక చెప్పాల్సిన వాళ్ళని కింద రాస్తున్నాను. నేను చెప్తే మళ్ళీ చాటింపు వేశాడంటారు, అందుకని నువ్వే చెప్పు. జత ఎక్కడిదని ఎవరు అడిగినా, బాబాయి చెప్పినట్టే అన్న ఇచ్చాడని చెప్పు. ఇన్నాళ్ళూ అది అబద్ధం, మొన్న మధ్యాహ్నం నుంచి కాదు. రేడియో సంగతి ముగ్గురికి తెలుసు, నాలుగో చెవికి వద్దు.

పెద్దత్తకి. గరగర తీసేశానని నేను గొప్పలు పోయినప్పుడు ఆవిడ మెచ్చుకుంది, ఇప్పుడు మళ్ళీ పెట్టానంటే దానికీ మెచ్చుకుంటుంది. పెద్ద తమ్ముడు చిన్న తమ్ముడికి జత ఇచ్చాడని మాత్రం రెండుసార్లు చెప్పు.

వాచీల బావకి. ఎదురుగానే ఉంటాడు. దారిలో డబ్బా విప్పాడేమో కనుక్కో.

మామయ్యకి. ఎడమ చెవి వైపు చెప్పు.

మీ డ్రమ్ములవాడికి. చుట్టం కాదనుకో, అయినా సన్యాసి సంసారంలోకి దిగాడని చెప్పు.

పిన్నికి. అందరికంటే ముందు, స్టూడియో మెట్లు దిగకముందే.

మీ అమ్మకి. ఆవిడకి అన్నీ తెలుసు, ఈ ఉత్తరం కూడా తనే చదివి కవరు అంటిస్తుంది. అయినా ఫోన్ చేసి చెప్పు. ఫోన్ పక్కనే కూర్చుంటాను నేను. అరవను.